నిత్యజీవిత లెక్కలతో సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం: తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోని మా ఊళ్ళో ఆదివారం సాయంత్రాలు పదో తరగతి పిల్లలకూ, పోటీ పరీక్షలకు చదివేవారికీ, ఊరికే విందామని వచ్చి కూర్చునే ఇద్దరు ముగ్గురు రైతులకూ ఈ లెక్కలు చెబుతుంటాను. ఏటా కొత్తవారు వస్తారు గానీ సందేహాలు మాత్రం పాతవే కావడంతో, వారు అడిగిన మాటల్లోనే ప్రశ్నలను రాసి, ఒక్కొక్క దానికి జవాబు పెట్టాను. ఎక్కడి నుంచి చదివినా ఇబ్బంది ఉండదు. లెక్క కోసం ఊహించిన అంకెల దగ్గర "అనుకుందాం" అని చెప్పాను.

## మొదలుపెట్టే ముందు

పదో తరగతితో చదువు ఆపేశాను. ఇప్పుడు ఇవి నాకు అర్థమవుతాయా?

భిన్నాలు, శాతాలు వస్తే చాలు. ఎకరాలను సెంట్లలోకి, క్వింటాళ్ళను 75 కిలోల బస్తాల్లోకి నోటితో మార్చగలిగినవారికి కూడికలూ గుణకారాలూ అడ్డం కావు. అలవాటు చేసుకోవలసింది ఒకే ఒక్క ప్రశ్న: "ఎన్నింటిలో?" మా వీధిలో పదిమందికి జ్వరం వచ్చిందని ఎవరైనా అంటే, ఆ వీధిలో ఉన్నది ముప్పై మందా, మూడు వందల మందా అని అడగాలి. నా దగ్గరికి వచ్చినవారు చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం గుణకారంలో దొర్లినవి కావు, ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చినవి.

సంభావ్యతకూ సాంఖ్యక శాస్త్రానికీ తేడా ఏమిటి? ఏది ముందు చదవాలి?

రాశిలో వందకు ఐదు కుళ్ళు కాయలు ఉన్నాయని ముందే తెలిసి, నేను తీసిన పది కాయల్లో ఎన్ని కుళ్ళినవి రావచ్చునో చెప్పడం సంభావ్యత. పది కాయలు కొట్టి చూసి, మొత్తం రాశి ఎలాంటిదో చెప్పడానికి ప్రయత్నించడం సాంఖ్యక శాస్త్రం. పాఠ్యపుస్తకాలు సాధారణంగా సగటు, మధ్యగతం ముందు చెప్పి సంభావ్యతకు తర్వాత వస్తాయి. పరీక్ష లేనివారు మాత్రం గవ్వలతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే చేత్తో వేసి, కళ్ళతో చూసి, లెక్కతో సరిపోల్చుకునే వీలు అక్కడే ఉంది.

తెలుగు పదాలతో నేర్చుకుంటే రేపు కోచింగ్‌లో ఇబ్బంది పడనా?

పడరు. సగటును పుస్తకం అంకమధ్యమం అంటుంది, కోచింగ్‌లో మీన్ అంటారు. మధ్యగతం మీడియన్, బాహుళకం మోడ్, క్రమవిచలనం స్టాండర్డ్ డీవియేషన్. ఇలాంటి జంటలు ఇరవై దాటవు, నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంటే వారంలో నోటికి వస్తాయి.

కంప్యూటరు కావాలా?

మొదటి మూడు నెలలు వద్దు. గళ్ళ నోటుపుస్తకం, పెన్సిలు, ఫోనులోని కాలిక్యులేటరు చాలు.

## గవ్వలు, కాయలు, పాచికలు

అష్టాచెమ్మాలో చెమ్మా పడే అవకాశం ఎంత? అష్టాకూ అంతేనా?

నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ప్రతి గవ్వా వెల్లకిలా పడే అవకాశం సగమే అనుకుంటే, నాలుగు గవ్వలు పడే తీరులు మొత్తం 2 × 2 × 2 × 2 = 16. వాటిలో చెమ్మా ఒక్కటి, అష్టా ఒక్కటి. ఒకటి నాలుగు తీరులుగా, రెండు ఆరు తీరులుగా, మూడు నాలుగు తీరులుగా పడతాయి. ఈ లెక్కన చెమ్మాకు 1/16, అష్టాకు 1/16. పందేనికి సగటు (4 × 1 + 6 × 2 + 4 × 3 + 4 + 8) ÷ 16 = 2.5 వస్తుంది. రెండున్నర ఏ పందెంలోనూ పడదు కదా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. నిజమే, పడదు. నూరు పందేలు వేస్తే మొత్తం 250 దగ్గర ఉంటుందని మాత్రమే దాని అర్థం.

అసలు రుచి దీని తర్వాత ఉంది. గవ్వ రెండు వైపులా ఒకేలా ఉండదు, వీపు ఉబ్బుగానూ నోరు చదునుగానూ ఉంటుంది. అందుచేత సగం అన్నది మన ఊహ మాత్రమే. ఒకే గవ్వను వందసార్లు వేసి ఎన్నిసార్లు వెల్లకిలా పడిందో గీతలు గీసి లెక్కపెట్టండి. వందకు 40 సార్లు పడింది అనుకుందాం. అప్పుడు చెమ్మా అవకాశం 0.4ను నాలుగుసార్లు గుణించగా వచ్చే 0.0256, అష్టా అవకాశం 0.6ను నాలుగుసార్లు గుణించగా వచ్చే 0.1296. ఒక్క గవ్వలో 40కీ 60కీ ఉన్న చిన్న తేడా, నాలుగు గవ్వలు కలిసేసరికి అయిదు రెట్లయింది. గవ్వలకు బదులు ఒక వైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలతో ఆడేవారు కూడా ఇదే పరీక్ష చేసి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడాలి. నేను చెప్పే వాటిలో పిల్లలు ఇంటికి వెళ్ళి నిజంగా చేసే అభ్యాసం ఇదొక్కటే.

పది పందేలుగా చెమ్మా పడలేదు. ఇప్పుడు పడే అవకాశం పెరిగినట్టే కదా?

పెరగలేదు. గవ్వలకు జ్ఞాపకం ఉండదు. పదకొండో పందెంలోనూ అవకాశం మొదటి పందెంలో ఉన్నంతే. నూరు పందేల మీద లెక్క కుదురుకునేది పాత లోటును గవ్వలు పూడ్చడం వల్ల కాదు, ముందు ముందు వచ్చే పందేల సంఖ్య పెరిగేకొద్దీ ఆ పది పందేల లోటు లెక్కలోకి రానంత చిన్నదై పోవడం వల్ల.

ఎప్పుడు కూడాలి, ఎప్పుడు గుణించాలి?

"ఇదైనా, అదైనా" అన్నప్పుడు, రెండూ ఒకేసారి జరగడానికి వీల్లేకపోతే కూడాలి. "ఇదీ జరగాలి, ఆపైన అదీ జరగాలి" అన్నప్పుడు గుణించాలి, అయితే రెండో అంకె మొదటిది జరిగిపోయాక ఉన్న పరిస్థితిని బట్టి ఉండాలి. బుట్టలో పది కొబ్బరికాయలున్నాయి, రెండు కుళ్ళినవి అనుకుందాం. రెండు కాయలు తీస్తే రెండూ మంచివి కావడానికి 8/10 × 7/9 = 56/90, అంటే సుమారు 62 శాతం. రెండోసారి కూడా 8/10 అని రాసేవారు మొదటి కాయను తిరిగి బుట్టలో వేసినట్టు లెక్క.

గుడిలో కొట్టిన కాయ కుళ్ళిపోయింది. ఇది అరుదుగా జరిగేదే కదా?

నమ్మకం సంగతి మీ ఇష్టం, అరుదా కాదా అన్నదే ఇక్కడి లెక్క. బజారులోని కాయల్లో వందకు ఐదు లోపల చెడినవి అనుకుందాం. ఏడాదికి పది కాయలు కొట్టే ఇంట్లో పదీ మంచివే కావడానికి 0.95ను పదిసార్లు గుణించాలి, అది దాదాపు 0.60. అంటే ఏడాదిలో ఒక్క కుళ్ళు కాయైనా ఎదురయ్యే అవకాశం 40 శాతం. "కనీసం ఒకటి" అన్న మాట కనిపించినప్పుడల్లా ముందు "ఒక్కటీ లేకపోవడం" లెక్కగట్టి, దాన్ని 1 నుంచి తీసివేయడమే దగ్గరి దారి.

సంక్రాంతి బరుల్లో గుండాట ఆడితే సగానికి సగం గెలుస్తామంటారు, నిజమేనా?

ఒక్కొక్క చోట ఒక్కొక్క నియమం ఉంటుంది కనుక ఇలా అనుకుందాం: ఆరు బొమ్మలు, మూడు పాచికలు, మీరు ఒక బొమ్మ మీద పది రూపాయలు కాస్తారు, ఆ బొమ్మ ఎన్ని పాచికల మీద పడితే అన్ని పదులు లాభం, ఒక్కదాని మీదా పడకపోతే కాసినది పోతుంది. ఆరు బొమ్మలకు మూడు పాచికలు కాబట్టి సగం అనిపించడం సహజం, అయితే ఒకే బొమ్మ రెండు మూడు పాచికల మీద పడే తీరులను ఆ లెక్క రెండేసి మూడేసి సార్లు లెక్కపెడుతోంది.

మొత్తం తీరులు 6 × 6 × 6 = 216. మీ బొమ్మ అసలు పడనివి 5 × 5 × 5 = 125. ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడింటి మీదా పడేది 1. కనుక గెలిచే అవకాశం 91/216, అంటే 42 శాతం. ప్రతి తీరూ ఒక్కొక్కసారి వచ్చేలా 216 ఆటలు ఆడితే లాభం 750 + 300 + 30 = 1,080 రూపాయలు, నష్టం 1,250 రూపాయలు. కాసిన 2,160 రూపాయల్లో 170 పోయాయి, అంటే రూపాయికి దాదాపు ఎనిమిది పైసలు. చట్టం ఈ ఆటను ఎలాగూ ఒప్పదు. అంతకుముందే లెక్క కూడా ఒప్పదని పండక్కి ముందు వారం పిల్లల చేత ఈ పట్టిక వేయిస్తాను. కొందరు ఆ పట్టికను తండ్రులకు చూపించారట, ఫలితం ఏమైందో నేను అడగలేదు.

మా తరగతిలో 40 మందే. అయినా ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయింది. ఎలా?

మనుషులు 40 మందే గానీ, వారిలో ఏర్పడే జతలు 40 × 39 ÷ 2 = 780. ఏదో ఒక జత కలిసే అవకాశం సుమారు 89 శాతం. "నా పుట్టినరోజుతో" అని ఒకరిని బిగిస్తే అది బాగా తగ్గిపోతుంది.

## సగటు చెప్పేది, చెప్పనిది

మా ఊళ్ళో రైతుకు సగటున ఆరెకరాలు అంటున్నారు. నాకు తెలిసి ఎవరికీ అంత లేదు. లెక్క తప్పా?

తొమ్మిది మంది రైతులు, వారి భూమి ఎకరాల్లో 1, 1, 1.5, 2, 2, 2.5, 3, 3, 40 అనుకుందాం. మొత్తం 56, సగటు 6.2. లెక్క తప్పు కాదు. అయితే ఎనిమిది మందికి సగటులో సగం కూడా లేదు. వరుసలో నడుమ నిలబడిన అయిదో రైతుకు ఉన్నవి 2 ఎకరాలు, అదే మధ్యగతం. భూములు, ఆదాయాలు, ఇళ్ళ ధరల విషయంలో మధ్యగతం అడగండి. మొత్తం ధాన్యం, మొత్తం నీరు వంటివి తేల్చవలసినప్పుడు సగటే పనికి వస్తుంది, ఎందుకంటే సగటును మందితో గుణిస్తే మొత్తం తిరిగి వస్తుంది, మధ్యగతంతో రాదు.

క్రమవిచలనం ఎందుకు? సగటు తెలిస్తే సరిపోదా?

ఒక చేలో అయిదేళ్ళ సార్వా (వానాకాలం పంట) దిగుబడి ఎకరానికి 28, 14, 30, 16, 32 బస్తాలు, దాళ్వా (రెండో పంట) దిగుబడి 38, 40, 42, 41, 39 బస్తాలు అనుకుందాం. సగటులు 24, 40. అయితే అప్పు తెచ్చి సాగు చేసే కౌలురైతును కుంగదీసేది సగటు కాదు, 14 బస్తాల ఏడాది. సార్వాలో సగటు నుంచి తేడాలు 4, −10, 6, −8, 8. వాటి వర్గాల మొత్తం 280, అయిదుతో భాగిస్తే 56, వర్గమూలం సుమారు 7.5, అదే క్రమవిచలనం. దాళ్వాలో ఇదే లెక్క 1.4 ఇస్తుంది. తుపాన్లకూ ముంపుకూ గురయ్యే పంట ఏదో ఈ రెండు అంకెలు చెబుతున్నాయి.

కొన్ని పుస్తకాలు అయిదుకు బదులు నాలుగుతో భాగిస్తాయి. ఆ అయిదేళ్ళ సంగతి మాత్రమే చెబుతుంటే అయిదు. ఆ అయిదేళ్ళను నమూనాగా తీసుకుని ఆ చేను స్వభావాన్ని అంచనా వేస్తుంటే నాలుగు, ఎందుకంటే సగటును కూడా అవే అంకెల నుంచి తీసుకోవడం వల్ల తేడాలు ఉన్నదానికంటే కాస్త చిన్నవిగా కనిపిస్తాయి.

రెండు రొయ్యల చెరువుల్లో 40 కౌంటు, 60 కౌంటు ఉన్నాయి. సగటు 50 కౌంటే కదా?

రెండు చెరువుల్లోనూ కిలోలు సమానమైతేనే 50. రొయ్యల సంఖ్య సమానమైతే కాదు. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు అన్న లెక్క. చెరువుకు లక్ష రొయ్యల చొప్పున ఉన్నాయి అనుకుందాం. మొదటి చెరువులో 1,00,000 ÷ 40 = 2,500 కిలోలు, రెండోదానిలో 1,00,000 ÷ 60 = సుమారు 1,667 కిలోలు. రెండు లక్షల రొయ్యలను 4,167 కిలోలతో భాగిస్తే 48 కౌంటు వస్తుంది. పుస్తకంలో దీని పేరు హరాత్మక మధ్యమం. పేరు మరిచిపోయినా ఫరవాలేదు, "పైన ఏమిటి, కింద ఏమిటి" అని రెండు మొత్తాలనూ విడివిడిగా కూడి ఆ తర్వాత భాగిస్తే ఈ తప్పు ఎప్పుడూ జరగదు.

కౌంటు చూసే పద్ధతిలోనూ ఒక పాఠం ఉంది. మేత పడే చోట మాత్రమే విసురువల వేస్తే బాగా తిని బలిసినవి ఎక్కువగా రావచ్చు. వల కన్ను పెద్దదైతే చిన్నవి జారిపోతాయి. రెండు కారణాలూ కౌంటును ఒకే వైపుకు, అంటే రైతుకు సంతోషం కలిగించే వైపుకు లాగుతాయి. చెరువు నాలుగు మూలలా, నడుమా వల వేసి, వచ్చిన వాటన్నిటినీ కలిపి తూచడం అందుకే.

పంటు (గోదావరి దాటించే పడవ) సగటున అరగంటకొకటి. నేనెప్పుడు రేవుకు వెళ్ళినా పావుగంట కంటే ఎక్కువే ఆగవలసి వస్తోంది. నా దురదృష్టమా?

దురదృష్టం కాదు. నరసాపురం–సఖినేటిపల్లి రేవులో పంట్ల మధ్య వ్యవధి ఒకసారి 20, ఒకసారి 40 నిమిషాలు అనుకుందాం. సగటు 30 అన్నది నిజమే. అయితే గంటలో 40 నిమిషాలు పెద్ద వ్యవధివే కనుక, మీరు దానిలోకి వచ్చి పడే అవకాశం మూడింట రెండు వంతులు. అప్పుడు సగటు నిరీక్షణ 20 నిమిషాలు, చిన్న వ్యవధిలో పడితే 10. మొత్తం మీద 2/3 × 20 + 1/3 × 10 = 16.7 నిమిషాలు. పంట్లు ఎంత క్రమం తప్పితే ఈ అంకె అంత పెరుగుతుంది.

## కొద్దిని చూసి మొత్తాన్ని చెప్పడం

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం. అలాగే ఒక్క మడి చూసి ఊరి దిగుబడి చెప్పవచ్చా?

ఎసరులో మరిగి కలిసిన అన్నం అంతా దాదాపు ఒకేలా ఉంటుంది కనుక అక్కడ మెతుకు చాలు. ఊరి చేలు అలా కలిసి ఉండవు. కాలువ మొదట్లోని చేనుకూ, శివారున డ్రెయిను పక్కన మునిగే చేనుకూ పోలిక లేదు. అందుకే ప్రభుత్వం చేసే పంటకోత ప్రయోగాల్లో చేనును, ఆ చేనులో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల చదరాన్ని యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంచుతారు, కంటికి నచ్చిన చోట కొయ్యరు. 25 చదరపు మీటర్లలో 15 కిలోలు వచ్చాయి అనుకుందాం. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు, అంటే దాదాపు 162 చదరాలు. కనుక ఎకరానికి 2,430 కిలోలు, 75 కిలోల బస్తాల్లో 32 పైచిలుకు.

చదరంలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరం మీద రెండు బస్తాలకు పైగా తేడా పడుతుందని గమనించండి. చదరం గీత మీద ఉన్న దుబ్బును లోపలికి లెక్కించాలా, బయటికా అన్న నియమం కచ్చితంగా ఉండవలసింది ఇందుకే. ఇలాంటి నమూనా సర్వేలను మన దేశంలో నిలబెట్టినవారిలో ముందు చెప్పవలసిన పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్‌ది. బెంగాల్లో జనపనార సాగును ఆయన నమూనాలతోనే అంచనా వేశారు. ఆయన పుట్టిన జూన్ 29నే జాతీయ గణాంక దినంగా జరుపుతున్నారు.

నూరు విత్తనాలు నానబెడితే 80 మొలిచాయి. మొలక శాతం 80 అని ధైర్యంగా చెప్పవచ్చా?

"80 దగ్గర" అని చెప్పవచ్చు. మొలిచే వంతు 0.8ను మొలవని వంతు 0.2తో గుణించి నూరుతో భాగిస్తే వచ్చేదానికి వర్గమూలం 0.04, అంటే 4 శాతం; ఈ అంచనాలోని పొరపాటుకు కొలత ఇదే. దానికి రెట్టింపు అటూ ఇటూ తీసుకుంటే 72 నుంచి 88 వరకు. మరో నూరు విత్తనాలు వేస్తే 76 మొలిచినా, 84 మొలిచినా ఆశ్చర్యపడకూడదు. 400 విత్తనాలు వేస్తే ఆ పట్టీ 76 నుంచి 84కు కుదించుకుపోతుంది. పొరపాటు సగం కావాలంటే నమూనా నాలుగు రెట్లు కావాలి, ఈ బేరం ఎప్పుడూ ఖరీదైనదే. నమూనా నుంచి వేసే అంచనాలో పొరపాటు ఒక హద్దును దాటి తగ్గదని 1945లో చూపినవారు మన తెలుగువారే అయిన సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన ఆయనకు అప్పటికి పాతికేళ్ళు.

నూరేళ్ళ వరద ఒకసారి వచ్చి వెళ్ళిపోతే ఇక నూరేళ్ళదాకా భయం లేదు కదా?

లంక గ్రామాల నుంచి వచ్చేవారు అడిగే ఈ ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. నూరేళ్ళ వరద అంటే ఏ ఏడాదిలోనైనా రావడానికి 1 శాతం అవకాశం ఉన్నంత పెద్ద వరద అని అర్థం, నదికి నూరేళ్ళ గడువు పెట్టినట్టు కాదు. ఏడాదికేడాది స్వతంత్రం అనుకుంటే, 30 ఏళ్ళు నిలవాలని కట్టుకున్న ఇల్లు అంతటి వరదను ఒక్కసారైనా చూసే అవకాశం 1 నుంచి 0.99 ముప్పైసార్ల లబ్ధాన్ని తీసివేస్తే వచ్చే 26 శాతం. నూరేళ్ళలో ఒక్కసారైనా వచ్చే అవకాశం 63 శాతమే, అంటే నూరేళ్ళలో అసలు రాకపోవడానికీ 37 శాతం అవకాశం ఉంది.

సొంతంగా చేయదగిన అభ్యాసం ఒకటి చెబుతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగరవేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ ప్రవాహం 35 లక్షలు దాటింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. మీకు జ్ఞాపకం ఉన్న లేదా పాత పత్రికల్లో దొరికిన ఏళ్ళన్నిటికీ ఎన్నో హెచ్చరిక వరకు వెళ్ళిందో రాసి, మూడో హెచ్చరిక వచ్చిన ఏళ్ళను మొత్తం ఏళ్ళతో భాగించండి. జ్ఞాపకం మీద మాత్రం ఆధారపడకండి, పెద్ద వరద వచ్చిన ఏడాది అందరికీ గుర్తుంటుంది, నీరు రాని ఏడాది ఎవరికీ గుర్తుండదు. దానితో కింద ఉండవలసిన సంఖ్య చిన్నదై జవాబు పెద్దదవుతుంది.

ఫోనులో 70 శాతం వాన అని చూపింది. చుక్క పడలేదు. అబద్ధమేనా?

ఒక్క రోజును బట్టి తేల్చలేం. 70 అని చూపిన రోజులు 20 పోగు చేయండి, 14 దగ్గర రోజుల్లో వాన పడితే ఆ అంచనా నిజాయతీగలది. రోడ్డు మీద ధాన్యం ఆరబెట్టినవారికి ఇంకో లెక్క కూడా కావాలి. బరకాల అద్దె 300 రూపాయలు, తడిస్తే నష్టం 4,000 రూపాయలు అనుకుందాం. వాన అవకాశం 10 శాతమే అయినా సగటు నష్టం 400, కనుక కప్పడమే లాభం. కప్పాలా వద్దా అన్న గీత 7.5 శాతం దగ్గర ఉంది, 50 దగ్గర కాదు.

పులస దొరికే నెలల్లోనే డెంగ్యూ ఎక్కువ. సంబంధం ఉన్నట్టేనా?

సహసంబంధం ఉంది, కారణం లేదు. ఎర్రనీరు వచ్చే వానాకాలమే పులసను సముద్రం నుంచి గోదావరికి తెస్తుంది, నిలిచిన వాన నీటిలో దోమలనూ పెంచుతుంది. రెండు అంకెలు కలిసి పెరిగినప్పుడు రెండిటి వెనుకా ఉన్న మూడోదాన్ని వెతకాలి.

రొయ్య పిల్లకు పీసీఆర్ పరీక్షలో తెల్లమచ్చ వైరస్ ఉందని వచ్చింది. పరీక్ష 90 శాతం సరైనదట. అంటే 90 శాతం రోగం ఉన్నట్టేనా?

ఇక్కడే చదువుకున్నవారు కూడా జారిపడతారు. వెయ్యి నమూనాల్లో 50కి వైరస్ ఉంది, ఉన్నవాటిలో 90 శాతాన్ని పరీక్ష పట్టుకుంటుంది, లేనివాటిలో 10 శాతానికి పొరపాటున ఉందని చెబుతుంది అనుకుందాం. అసలు పరీక్షల అంకెలు ఇంతకంటే మెరుగ్గా ఉండవచ్చు, పద్ధతి మారదు. వైరస్ ఉన్న 50లో 45కి ఉందని వస్తుంది. లేని 950లో 95కి ఉందని వస్తుంది. ఉందని వచ్చినవి మొత్తం 140, వాటిలో నిజంగా ఉన్నవి 45, అంటే 32 శాతం. "రోగం ఉంటే పరీక్ష పట్టుకునే అవకాశం" 90, "పరీక్ష పట్టుకుంటే రోగం ఉండే అవకాశం" 32. ఈ రెండు వాక్యాలు వేరు, మొదటిదానికి హారం 50, రెండోదానికి 140.

అలాగని పిల్లను చెరువులో వదలమని కాదు, 32 శాతం ప్రమాదం చిన్నది కాదు. ఆ 140 నమూనాలకు రెండోసారి పరీక్ష చేయిస్తే, 45లో సుమారు 40.5, 95లో 9.5 మళ్ళీ ఉందని వస్తాయి. అప్పుడు 50లో 40.5, అంటే 81 శాతం. రెండో పరీక్ష మొదటిదానితో సంబంధం లేకుండా జరిగితేనే ఈ 81 నిలుస్తుంది. అదే నమూనాను అదే ల్యాబులో మళ్ళీ పెట్టిస్తే, మొదటిసారి పొరపాటుకు కారణమైనదే రెండోసారీ ఉండవచ్చు కనుక, కొత్తగా పిల్లను తీసి వేరే ల్యాబుకు పంపడం మంచిది.